బావ డీటీపీ సెంటర్‌కు ర్యామ్: కొనే ముందు బోర్డును అడగాల్సినవి

శనివారం రాత్రి

హన్మకొండ అదాలత్ సెంటర్ దగ్గర మా బావది డీటీపీ సెంటర్. పొద్దున పూట కోర్టు పిటిషన్లు, అఫిడవిట్లు, మధ్యాహ్నం దాటితే పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు. ఈసారి మేడారం జాతర 2026 జనవరి 28 నుంచి 31 వరకు, అంటే సంక్రాంతికి ముందు నుంచే "భక్తులకు స్వాగతం" ఫ్లెక్సీల ఆర్డర్లు వరసకడతాయి, ఒక్కో దాంట్లో సమ్మక్క సారలమ్మ గద్దెలు, పైన పెద్ద నాయకులు, కింద పది పదిహేను మంది ఊరివాళ్ల ఫొటోలు, ఇవన్నీ విడివిడి లేయర్లు. డిజైన్ చేసే మిషన్ ఇప్పటికే ఫైలు సేవ్ చేసేటప్పుడు బిగుసుకుపోతోంది. టైపింగ్ చేసే పాత మిషన్ సంగతి ఇంకా అన్యాయం. రెండింటికీ ర్యామ్, అంటే పని నడుస్తున్నంతసేపు మిషన్ వాడుకునే తాత్కాలిక మెమరీ, వేసే పని నేను తీసుకున్నా. ఏది సరిపోతుందో ఎలా తేల్చుకున్నానో ఇక్కడ రాసి పెడుతున్నా, ఎందుకంటే షాపుల్లో "డీడీఆర్ ఫోరా, త్రీనా?" అనే, అంటే ర్యామ్ నాలుగో తరందా మూడో తరందా అనే ఒక్క ప్రశ్నతో సరిపెడుతున్నారు, ఆ ఒక్క ప్రశ్న చాలదు.

ముందు అసలు లోటు ర్యామ్‌దేనా అని చూశా. 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 100 చుక్కల లెక్కన తెరిస్తే 14,400 అడ్డం, 9,600 నిలువు, మొత్తం 13.8 కోట్ల పిక్సెళ్లు. ప్రింటింగుకు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకే కాబట్టి ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు. నిండుగా ఉన్న ఒక్క లేయర్‌కే 550 ఎంబీ పైన అవుతుందన్నమాట. దాని మీద ఫొటోలు, నీడలు, మెరుపులు, వాటితో పాటు వెనక్కి వెళ్లడానికి ఫొటోషాప్ దాచుకునే హిస్టరీ. మిషన్‌లో ఉన్నది 8 జీబీ, అందులోంచే విండోస్, కోరల్‌డ్రా, బ్రౌజర్, పైగా విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి తెర చూపించే పనికి కూడా ఇదే ర్యామ్ వాడుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కితే కింద 'కమిటెడ్' అని ఒక అంకె ఉంటుంది. మామూలు ఫ్లెక్సీ ఒకటి తెరిచి పని చేయిస్తుంటే అది 15 జీబీ దగ్గర ఆడుతోంది. ఉన్నది 8, అడుగుతున్నది 15, మిగతాదంతా డిస్క్ మీదికి పోతోంది. లోటు ర్యామ్‌దే, ఇక అనుమానం లేదు.

అదే పేజీలో ఇంకో రెండు ఉపయోగపడే సంగతులు: 'స్లాట్స్ యూజ్డ్' దగ్గర 1 ఆఫ్ 2 అని ఉంది, స్పీడ్ 2667 అని ఉంది. ఒక స్లాట్ ఖాళీ, సంతోషం.

ఆదివారం

షాపుకు సెలవు కాబట్టి డబ్బా విప్పడానికి వీలు చిక్కింది. లోపల దుమ్ము, చౌరస్తా దుమ్మంతా ఇక్కడే ఉందేమో అన్నట్టుంది, ముందు బ్లోయర్ పట్టా.

ర్యామ్ కొనే ముందు తెలియాల్సింది బోర్డు (మదర్‌బోర్డు) పేరు, ప్రాసెసర్ పేరు, రెండూ. బోర్డు ఒక్కటి తెలిస్తే చాలదు, ఎందుకంటే ఇప్పటి మిషన్లలో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ఉండేది బోర్డు మీద కాదు, ప్రాసెసర్ లోపల. ఒకే బోర్డులో ఐ5 పెడితే ఒక వేగం, ఐ7 పెడితే ఇంకో వేగం పలికే సందర్భాలు ఉన్నాయి. బావ డిజైన్ మిషన్‌లో ఉన్నది హెచ్410 చిప్‌సెట్ (బోర్డును నడిపే ప్రధాన చిప్పు) బోర్డు, ఐ5-10400 ప్రాసెసర్. ఈ ఐ5కి ఇంటెల్ చెప్పే గరిష్ఠ వేగం డీడీఆర్4-2666. అదే బోర్డులో పదో తరం ఐ7 ఉంటే 2933 దాకా పోతుంది. మెమరీని ఓవర్‌క్లాక్ చేసే, అంటే ప్రామాణిక వేగాన్ని మించి నడిపే వెసులుబాటు హెచ్410లో లేదు. ఈ మూడు ముక్కలు గుర్తుపెట్టుకోండి, కొనే దగ్గర వీటి మీదే బేరం అంతా నడిచింది.

బోర్డు పేరు తెలుసుకోవడానికి డబ్బా విప్పాల్సిన పని లేదు, సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాంలో మెయిన్‌బోర్డ్ ట్యాబ్ చాలు. కానీ నేను విప్పే చూస్తా, ఎందుకంటే బోర్డు మూలన చిన్న అక్షరాల్లో రివిజన్ నంబర్ ఉంటుంది. పేరు ఒకటే అయినా రివిజన్ మారితే కంపెనీ సైట్‌లో సపోర్టు పేజీ మారొచ్చు. ఆ పేజీలోనే క్యూవీఎల్ అనే పట్టిక దొరుకుతుంది, అంటే కంపెనీ వాళ్లు ఆ బోర్డులో స్వయంగా పెట్టి పరీక్షించిన ర్యామ్‌ల జాబితా. జాబితాలో లేనిది పనిచేయదని కాదు, వాళ్లు అన్నీ పరీక్షించలేరు కదా. కానీ జాబితాలో ఉన్న వాటి సైజు, వేగం, వోల్టేజ్, ర్యాంక్ (అదేమిటో కింద చెబుతా) చూస్తే ఆ బోర్డుకు ఎలాంటి సరుకు అరుగుతుందో అర్థమైపోతుంది. నేను దాన్ని అలాగే వాడతా.

ఉన్న స్టిక్ తీసి స్టిక్కర్ ఫొటో తీసుకున్నా. దాని మీద ఇలా ఉంది: 8జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ4-2666వి-యూఏ2-11. ఈ వరస చూసి చాలామంది వదిలేస్తారు. అసలు సమాచారం మొత్తం ఇందులోనే ఉంది, కాబట్టి ముక్కలు ముక్కలుగా రాస్తా.

1ఆర్ అంటే ఒక ర్యాంక్. ఎక్స్8 అంటే ఒక్కో చిప్పు 8 బిట్లు అందిస్తుంది. ప్రాసెసర్‌కు ఒకేసారి కావాల్సింది 64 బిట్లు కాబట్టి అలాంటి 8 చిప్పులు కలిస్తే ఒక ర్యాంక్. 2ఆర్‌ఎక్స్8 ఉంటే 16 చిప్పులు, రెండు ర్యాంకులు. 1ఆర్‌ఎక్స్16 అని ఉంటే నాలుగే చిప్పులు. ఈ నాలుగు చిప్పుల రకం 8 జీబీ స్టిక్‌లు ఈమధ్య చవగ్గా వస్తున్నాయి, పనిచేస్తాయి కూడా, కానీ ఎక్స్16 రకం డీడీఆర్4 చిప్పులో బ్యాంక్ గ్రూపులు, అంటే లోపల విడివిడిగా పనిచేసే మెమరీ భాగాలు, రెండే, ఎక్స్8 దాంట్లో నాలుగు, అందుకే అదే వేగం రాసి ఉన్నా పనిలో కొంచెం వెనకబడుతుంది. ధరలో పెద్ద తేడా లేకపోతే నేనైతే ఎక్స్8 దగ్గరే ఆగుతా.

పీసీ4 అంటే డీడీఆర్4. 2666 అంటే సెకనుకు 2666 మిలియన్ బదిలీలు. కొన్నింటి మీద పీసీ4-21300 అని రాస్తారు, అదేదో వేరే సరుకని కంగారు పడొద్దు, ఒక్కో బదిలీకి 8 బైట్లు కాబట్టి 2666ని 8తో గుణిస్తే దాదాపు 21,300 ఎంబీ వస్తుంది, రెండూ ఒకటే. అలాగే పీసీ4-25600 అంటే 3200. సీపీయూ-జెడ్‌లో మాత్రం 1333 అని కనబడుతుంది, ఎందుకంటే అది గడియారం వేగం చూపిస్తుంది, డీడీఆర్‌లో గడియారం ఒక్కో చుట్టుకు రెండు బదిలీలు. సగమే పనిచేస్తోందని భయపడి ఫోన్ చేసేవాళ్లు నాకు చాలామందే ఉన్నారు.

చివరన 'వి' అనేది టైమింగ్ తరగతి, 2666లో వి అంటే సీఎల్19, సీఎల్ అంటే అడిగాక జవాబు రావడానికి పట్టే గడియారపు చుట్లు. 3200ఏఏ అని ఉంటే సీఎల్22. ఇక 'యూఏ2'లో మొదటి అక్షరం యూ, అది అన్నిటికన్నా ముఖ్యం. యూ అంటే మామూలు డెస్క్‌టాప్ అన్‌బఫర్డ్ ర్యామ్. ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌ది, అదెలాగూ పొట్టిగా ఉంటుంది కాబట్టి కళ్లకే తెలిసిపోతుంది. ఆర్ ఉంటే సర్వర్‌ది, చూడ్డానికి అచ్చం డెస్క్‌టాప్ ర్యామ్‌లాగే ఉంటుంది, దాని సంగతి కింద వస్తుంది.

సోమవారం

మధ్యాహ్నం బావను వెంటబెట్టుకుని హన్మకొండ చౌరస్తా వైపు ఒక షాపుకు వెళ్లా. అక్కడ కుర్రాడు లైట్లు వెలిగే 3600 కిట్ బల్ల మీద పెట్టి, "అన్నా, ఫొటోషాప్‌కు ఇదే కరెక్టు, స్పీడ్ ఎక్కువ" అన్నాడు. బావకు వెంటనే నచ్చింది.

"డీడీఆర్ ఫోరే గదా బామ్మర్దీ, మనది గూడ గదే గదా. స్పీడ్ ఎక్కువుంటే మంచిదే గదా?"

"సరిపోతది బావా, కానీ ఆ స్పీడ్ మన మిషన్ల రాదు."

వివరంగా చెప్పా, ఇక్కడా చెబుతా, ఎందుకంటే డబ్బులు ఎక్కువ పోయేది ఇక్కడే. ప్రతి స్టిక్ మీద ఎస్‌పీడీ అనే చిన్న చిప్పు ఉంటుంది, అందులో ఈ ర్యామ్ ఏయే వేగాల్లో, ఏయే టైమింగ్‌లతో నడుస్తుందో పట్టిక రాసి ఉంటుంది. 1.2 వోల్టుల దగ్గర నడిచే ప్రామాణిక వేగాలు ఒక పట్టిక, కంపెనీ హామీ ఇచ్చే ఎక్కువ వేగం ఇంకో పట్టిక, దానికే ఎక్స్‌ఎంపీ అని పేరు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 3600 ఈ రెండో పట్టికలోది, సాధారణంగా 1.35 వోల్టులతో. ఆ వేగం రావాలంటే బోర్డు ఓవర్‌క్లాక్‌కు ఒప్పుకోవాలి. హెచ్410 ఒప్పుకోదు. అప్పుడు మిషన్ మొదటి పట్టికలోకి పోతుంది. చాలా 3600 కిట్లలో ఆ మొదటి పట్టిక 2133 దగ్గరో 2400 దగ్గరో ఆగిపోతుంది, కొన్నింటిలో 2666 దాకా ఉంటుంది. అంటే ఎక్కువ డబ్బులు పెట్టి 3600 కొని, ఇప్పుడున్న మామూలు స్టిక్ కన్నా తక్కువ వేగంతో నడుపుకునే ప్రమాదం ఉంది. అదే పెట్టె మీద 'జేఈడీఈసీ 3200' (జేఈడీఈసీ అంటే ర్యామ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) రకం, 1.2 వోల్టులది అయితే దాని మొదటి పట్టికలోనే 3200, 2933, 2666 అన్నీ వరసగా ఉంటాయి, మన బోర్డు అందులోంచి 2666 ఎంచుకుంటుంది.

సీఎల్ గురించి కూడా కుర్రాడు అడిగాడు. సీఎల్ అంకె ఒక్కదాన్ని పోల్చొద్దు, వేగంతో కలిపి చూడాలి. సీఎల్‌ను 2000తో గుణించి వేగంతో భాగిస్తే నానో సెకన్లు వస్తాయి. 3600 సీఎల్18 అంటే 10, 3200 సీఎల్16 అన్నా 10, అంటే రెండింటిలోనూ మొదటి జవాబు వచ్చే ఆలస్యం ఒకటే. 2666 సీఎల్19 అంటే 14.25. ఆటలాడే మిషన్ అయితే ఈ తేడా మీద మాట్లాడుకోవచ్చు. బావ పనికి అసలు కొరత చోటుది. చోటు చాలక డిస్క్ మీదికి పోయినప్పుడు అయ్యే ఆలస్యం ముందు ఈ నాలుగు నానో సెకన్లు లెక్కలోకే రావు.

ఇక ఎంత వేయాలి, ఎలా వేయాలి. ఈ బోర్డు ఒక్కో స్లాట్‌కు 32 చొప్పున 64 జీబీ దాకా తీసుకుంటుంది. పాఠం ప్రకారం అయితే ఒకే పెట్టెలో వచ్చే 16, 16 జత కొని పాతది పక్కన పెట్టాలి. కానీ 2025 చివరి నుంచి మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. చిప్పులు చేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వైపు మళ్లాయి, డీడీఆర్4 తయారీ ఎలాగూ తగ్గిస్తూ వస్తున్నారు, ఆ దెబ్బ హన్మకొండ షాపు దాకా వచ్చింది. జత ధర విని బావ మొహం వాడిపోయింది. అందుకని ఉన్న 8 ఉంచి, దానికి ఒక 16 కలుపుదామని తేల్చా. మొత్తం 24.

దీనికి అభ్యంతరం చెప్పేవాళ్లు ఉంటారు, రెండూ సమానంగా లేకపోతే డ్యూయల్ ఛానల్, అంటే రెండు దారుల్లో ఒకేసారి డేటా పంపడం, పోతుందని. ఇంటెల్ బోర్డుల్లో పూర్తిగా పోదు. 8కి 8 జతపడి 16 జీబీ దాకా రెండు ఛానళ్లలో నడుస్తుంది, పెద్ద స్టిక్‌లో మిగిలిన 8 మాత్రం ఒక్క ఛానల్‌లో నడుస్తుంది, దీన్ని ఫ్లెక్స్ మోడ్ అంటారు. ఇక వేగం, టైమింగ్‌ల విషయంలో కాడికి కట్టిన రెండెడ్లలో నెమ్మదిగా నడిచేదాని నడకే బండి నడక, కొత్తది 3200 అయినా పాత 2666తో కలిసి 2666లోనే నడుస్తుంది, మన ప్రాసెసర్ పరిమితి ఎలాగూ అదే కాబట్టి నష్టం లేదు. నా ఉద్దేశంలో వేర్వేరు స్టిక్‌లు కలపడం పాపం కాదు, కలిపి పరీక్షించకుండా వదిలేయడమే తప్పు.

చివరికి 16 జీబీ, 3200ఏఏ, యూ రకం, 1.2 వోల్టులది తీసుకున్నాం. 2666ది అడిగితే స్టాక్ లేదన్నారు, ఉన్నా నేను 3200దే తీసుకునేవాణ్ణి, రేపు ఈ బోర్డు మారి డీడీఆర్4 ఉన్న కొత్త బోర్డు వస్తే అప్పుడు 3200 పనికొస్తుంది. డబ్బు కట్టే ముందు బోర్డులో పని చేయకపోతే మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకున్నా. ఇది ప్రతిసారీ రాయించుకోవాల్సిందే.

సోమవారమే, సాయంత్రం

షాపు మెట్లు దిగుతుంటే బావకు తెలిసిన ఒకాయన, కాకతీయ యూనివర్సిటీలో చదివే కొడుక్కి కొత్త మిషన్ కొంటున్నాడట, రైజెన్ 5 5600జీ, బీ450 బోర్డు, 16 జీబీ ఒక్క స్టిక్ వేయాలా, రెండు 8లు వేయాలా అని ఆపి అడిగాడు. అక్కడ నా జవాబు వేరు. ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, దానికి సొంత మెమరీ లేదు, ర్యామ్ బ్యాండ్‌విడ్త్ (సెకనుకు పంపగలిగే డేటా) మీదే బతుకుతుంది, కాబట్టి రెండు 8లు వేసి రెండు ఛానళ్లూ నింపాలి. వేగం 3200 తగ్గకూడదు, అది ఆ ప్రాసెసర్‌కు అధికారిక గరిష్ఠం. బోర్డులో నాలుగు స్లాట్లు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి, చాలా బోర్డుల మాన్యువల్‌లో అదే ఉంటుంది, అయినా మాన్యువల్‌లో ఒకసారి చూసి పెట్టాలి. మొదటి రెండింటిలో పెడితే చాలా బోర్డుల్లో ఒకే ఛానల్‌లో పడతాయి.

డీడీఆర్5 గురించి కూడా అడిగాడు. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే, కానీ పిన్నుల మధ్య గాటు చోటు వేరు, వోల్టేజ్ వేరు, 1.2 బదులు 1.1, పైగా డీడీఆర్5లో కరెంటు సర్దే చిప్పు స్టిక్ మీదే ఉంటుంది. ఒకదానిలో ఒకటి దిగదు, బలవంతంగా దింపితే స్లాట్ పగులుతుంది. ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం5 బోర్డులు అన్నీ డీడీఆర్5వే. ఇంటెల్‌లో హెచ్610, బీ660 అయితే అదే చిప్‌సెట్ పేరుతో రెండు రకాల బోర్డులూ ఉన్నాయి, కాబట్టి చిప్‌సెట్ పేరు చూసి ర్యామ్ కొనొద్దు, పూర్తి మోడల్ పేరు చూడాలి.

మంగళవారం

షాపు తెరవకముందే పని మొదలుపెట్టా. వైరు పీకేసి, పవర్ బటన్ ఓసారి నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చి, క్యాబినెట్ ఇనుము ముట్టుకుని, తర్వాతే స్టిక్ పట్టుకున్నా. అంచులు పట్టుకోవాలి, బంగారు రంగు పిన్నులు ముట్టుకోవద్దు. పాత స్టిక్ పిన్నుల మీద మరకలు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచా. గాటు సరిచూసి రెండు వైపులా సమానంగా నొక్కితే క్లిప్పు టక్కున పడుతుంది. కొన్ని బోర్డుల్లో క్లిప్పు ఒక్క వైపే ఉంటుంది, ఇదీ అలాంటిదే, రెండో వైపు పూర్తిగా దిగిందో లేదో వేలితో తడిమి చూడాలి.

ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది. బావకు టెన్షన్. "పోయిందారా?" అన్నాడు. ఆగమన్నా. కొత్త ర్యామ్ పెట్టిన మొదటిసారి ప్రాసెసర్ ఆ స్టిక్‌లతో సిగ్నళ్లు సరిచూసుకుని టైమింగ్‌లు కుదుర్చుకుంటుంది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు, ఒక్కోసారి మిషన్ తనంతట తానే ఆరి మళ్లీ వెలుగుతుంది. ఆ సమయంలో కంగారుపడి స్విచ్ ఆపేయకూడదు. కాసేపటికి తెర వచ్చింది, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్ తెరలో) 24 జీబీ, 2666. విండోస్‌లో సీపీయూ-జెడ్ మెమరీ ట్యాబ్‌లో ఛానల్ దగ్గర డ్యూయల్ అని ఉంది, ఎస్‌పీడీ ట్యాబ్‌లో కొత్త స్టిక్ పట్టిక నేను అనుకున్నట్టే 3200 నుంచి కింద దాకా ఉంది.

మిషన్ వెలిగిందంటే ర్యామ్ కుదిరిందని కాదు. రాత్రి షాపు మూశాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్ ప్రోగ్రాం పెన్‌డ్రైవ్ మీద పెట్టి నడిపించి ఇంటికి పోయా, యూపీఎస్ మీద ఉంది కాబట్టి కరెంటు పోయినా భయం లేదు. ఇందులో ఒక్క తప్పు వచ్చినా ఆ జత పనికిరాదు, ఎందుకంటే ర్యామ్‌లో తప్పు ఒక్క బిట్ అయినా అది కస్టమర్ ఫైలులో పడొచ్చు, అఫిడవిట్‌లో ఒక అంకె మారితే ఎవరు జవాబు చెబుతారు.

బుధవారం

పొద్దున వచ్చి చూస్తే తప్పులు సున్నా, ఎన్నోసార్లు చుట్టి వచ్చింది. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్ దగ్గర ఎంత ర్యామ్ వాడుకోవచ్చో జరుపుకునే గీత ఉంటుంది, మామూలుగా 70 శాతం, దాన్ని అలాగే వదిలేశా, కోరల్‌డ్రాకు కూడా చోటు కావాలి కదా. అదే ఫ్లెక్సీ తెరిచి, అవే లేయర్లతో సేవ్ చేయిస్తే డిస్క్ లైటు వెర్రిగా కొట్టుకోవడం ఆగిపోయింది. బావ ఏమీ అనలేదు, తర్వాతి ఫ్లెక్సీ తెరిచి పనిలో పడిపోయాడు.

ఇప్పుడు టైపింగ్ మిషన్. హెచ్81 బోర్డు, ఐ3-4150, 4 జీబీ డీడీఆర్3 ఒక్క స్టిక్. దీని మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కు అను ఫాంట్లు, పిటిషన్లు, అంతే. ర్యామ్ కొనే ముందు ఇక్కడ చూడాల్సింది ఇంకోటి ఉంది: విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా. చూస్తే 32 బిట్ విండోస్ 10. దీంట్లో ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీకి మించి వాడుకోదు, 4 పెట్టినా మూడున్నర లోపే కనిపిస్తుంది. కాబట్టి 64 బిట్ వేయకుండా ర్యామ్ వేస్తే డబ్బు దండగ. పేజ్‌మేకర్ 32 బిట్ ప్రోగ్రామే అయినా 64 బిట్ విండోస్‌లో నడుస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, నాలుగో తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా లేదు, అందుకని ఈ మిషన్‌కు నెట్ తీసేసి టైపింగ్‌కే ఉంచాలని మాట్లాడుకున్నాం.

కొత్త డీడీఆర్3 కన్నా సెకండ్ హ్యాండ్‌ది నయం, విరివిగా దొరుకుతుంది. కానీ మోసపోయే అవకాశం ఎక్కువ ఉన్నది కూడా డీడీఆర్3లోనే. ఓపిక ఉన్నవాళ్లు ఈ భాగం నిదానంగా చదవండి.

పాత సామాన్లు అమ్మే ఒక చోట మూడు రకాలు చూపించారు. మొదటిది 16 జీబీ, ధర చూస్తే ఆశ్చర్యమేసేంత తక్కువ. స్టిక్కర్ మీద పీసీ3-12800ఆర్. ఆ చివరి ఆర్ అంటే రిజిస్టర్డ్, సర్వర్లలోంచి తీసింది. 240 పిన్నులే, గాటు కూడా అదే చోట, స్లాట్‌లో హాయిగా దిగుతుంది, కానీ మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌తో మిషన్ లేవదు. దిగింది కాబట్టి సరిపోయిందని అనుకోవడానికి వీల్లేదని ఇదొక్కటి చాలు చెప్పడానికి.

రెండోది 4 జీబీ, 16 చిప్పులు, అమ్మేవాళ్లే "ఇది ఏఎండీకి మాత్రమే" అన్నారు. అందులో చిప్పులు ఎక్స్4 రకం. ఇంటెల్ డెస్క్‌టాప్ కంట్రోలర్లు ఎక్స్8, ఎక్స్16 చిప్పులనే గుర్తిస్తాయి. ఇలాంటివి నెట్‌లో కూడా చవగ్గా అమ్ముతుంటారు, చిన్న అక్షరాల్లో ఏఎండీ అని రాసి ఉంటుంది, ఇంటెల్ మిషన్ ఉన్నవాళ్లు అది చూడకుండా కొని వెనక్కి పంపలేక ఇబ్బంది పడుతుంటారు.

మూడోది 8 జీబీ, 8 చిప్పులు. చిప్పుల లెక్క చూడండి: 8 చిప్పులతో 8 జీబీ అంటే ఒక్కో చిప్పు 8 గిగాబిట్లు. నాలుగో తరం ఇంటెల్, దాని ముందువి, డీడీఆర్3లో 4 గిగాబిట్ల చిప్పుల దాకే అర్థం చేసుకుంటాయి. హెచ్81లో 8 జీబీ స్టిక్ కావాలంటే 16 చిప్పులది, అంటే 2ఆర్‌ఎక్స్8 అయి ఉండాలి. అంతకన్నా పాత హెచ్61 బోర్డు మిషన్లు ఇంకా వాడే వాళ్లకూ ఇదే లెక్క. హెచ్81లో రెండు స్లాట్లు, మొత్తం 16 జీబీ గరిష్ఠం అని ఉంటుంది, ఆ 16 ఈ రకం స్టిక్‌లతోనే వస్తుంది.

బావ టైపింగ్‌కు 8 జీబీ చాలు. అందుకని ఉన్న దానికి తోడుగా 4 జీబీ, 1ఆర్‌ఎక్స్8, పీసీ3-12800యూ వెతికి తీసుకున్నా, అంటే 1600 వేగం, ఐ3-4150కి అదే గరిష్ఠం. పీసీ3ఎల్-12800యూ అని ఉన్నది దొరికినా తీసుకునేవాణ్ణి. ఎల్ అంటే 1.35 వోల్టుల రకం, అది 1.5 వోల్టుల దగ్గర కూడా నడిచేలా చేసిందే.

శుక్రవారం

64 బిట్ విండోస్ ఎక్కింది, అను ఫాంట్లు పెట్టి పాత పిటిషన్ ఫైళ్లు తెరిచి చూశాం, ఒత్తులు, గుడులు సరిగ్గానే ఉన్నాయి. రెండు 4లు డ్యూయల్ ఛానల్‌లో 1600 దగ్గర నడుస్తున్నాయి. సెకండ్ హ్యాండ్ స్టిక్ కాబట్టి మెమ్‌టెస్ట్ ముందు దాన్ని ఒక్కదాన్నే పెట్టి, తర్వాత రెండూ కలిపి నడిపించా. తప్పు వస్తే ఏ స్టిక్‌దో తెలియాలంటే అలా విడివిడిగా చేయాల్సిందే. రాలేదు.

రెండు మిషన్ల స్టిక్కర్ల ఫొటోలు, బోర్డు మోడల్, రివిజన్, ప్రాసెసర్ పేరు ఒక కాగితం మీద ప్రింట్ తీసి క్యాబినెట్ లోపలి తలుపుకు అతికించా. రేపు ఎవరు విప్పినా పనికొస్తుంది.

హెచ్81 మిషన్‌లో ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంది, వచ్చేవారం దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయాలి. ఈ బోర్డులో డిస్క్‌లు తగిలించే సాటా పోర్టులు నాలుగుంటే అందులో రెండే 6 గిగాబిట్‌వి, మిగతావి 3వి, ఏవి ఏవో మాన్యువల్‌లో చూసి పెట్టుకోవాలి.